రెండు వందల యూనిట్ల భయం: బరంపురం ఇళ్ళలో కరెంటు అసలు ఎక్కడ పోతోంది?

ఒడిశాలోని బరంపురంలో తెలుగు మాట్లాడే ఇళ్ళలో నెల చివరి వారం వచ్చేసరికి ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "రెండు వందలు దాటిందంటే బిల్లు మొత్తం మారిపోద్ది, ఆ ఫ్యాను కట్టెయ్యండి." ఈ మాట చెప్పేది ఎక్కువగా ఇంటి పెద్దవాళ్ళు. చెప్పి ఊరుకోరు, ముందు తమ గదిలో ఫ్యానే కట్టేసుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఈ సముద్రపు ఉక్కలో డెబ్బై ఏళ్ళ మనిషి రాత్రంతా విసనకర్రతో గడుపుతోందంటే దాని వెనక ఉన్నది చాలాసార్లు పిసినారితనం కాదు, ఈ లెక్క. బాధేమిటంటే ఆ లెక్క మన రాష్ట్రానిది కాదు.

అది తెలంగాణది. అక్కడ ఆ భయానికి కారణం ఉంది. 2022-23 నుంచి అక్కడ అమల్లో ఉన్న రేట్ల ప్రకారం నెల వాడకం వంద దాటి రెండు వందల లోపు ఉన్న ఇంటికి మొదటి వంద యూనిట్లు 3.40 రూపాయల చొప్పున, మిగతావి 4.80 చొప్పున పడతాయి. సరిగ్గా 200 యూనిట్లకు 820 రూపాయలు. ఒక్క యూనిట్ ఎక్కువైతే ఆ ఇల్లు వేరే కేటగిరీలోకి పోతుంది. మొదటి రెండు వందలకూ 5.10 చొప్పున కట్టాలి, ఆ పై యూనిట్‌కు 7.70. మొత్తం 1,027 రూపాయలు దాటుతుంది. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల రూపాయల పైమాటే. దీనికి తోడు 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి పథకంలో కూడా గీత 200 దగ్గరే: లోపుంటే సున్నా బిల్లు, దాటితే పూర్తి బిల్లు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022కు ముందు వాడకాన్ని బట్టి ఇళ్ళను గ్రూపులుగా విడగొట్టేవాళ్ళు, గ్రూపు మారితే మొదటి యూనిట్ నుంచే రేటు మారేది. ఇచ్ఛాపురంలో, సోంపేటలో, విశాఖలో ఉన్న మన చుట్టాలు ఆ పద్ధతిలోనే ఏళ్ళ తరబడి బిల్లులు కట్టారు.

ఒడిశాలో అలా కాదు. ఇక్కడ ఇళ్ళ రేట్లకు మెట్లు నాలుగు: 50 యూనిట్ల వరకు, అక్కణ్ణుంచి 200 వరకు, 400 వరకు, ఆ పైన. 2023-24 రేట్లు తీసుకుంటే ఈ మెట్ల మీద యూనిట్ ధర వరుసగా 3 రూపాయలు, 4.80, 5.80, 6.20. ఏ మెట్టులో వాడిన యూనిట్లకు ఆ మెట్టు రేటే పడుతుంది, కింది మెట్ల రేటు మారదు. 200 యూనిట్లు కాలితే 870 రూపాయలు, 201 కాలితే 875 రూపాయల 80 పైసలు. అంతే. (స్థిర ఛార్జీ, విద్యుత్ సుంకం వేరు. ఈ వ్యాసంలో లెక్కలన్నీ అవి కలపకుండా వేసినవే. మీ చేతిలో ఉన్న బిల్లు మీద రేటు వేరుగా ఉంటే దాన్నే వేసుకోండి, పద్ధతి మారదు.) రెండు వందలు దాటాక ప్రతి యూనిట్‌కూ అదనంగా పడేది ఒక్క రూపాయి. ఆ రూపాయి కోసం ముసలివాళ్ళ ఫ్యాను కట్టెయ్యనక్కర్లేదు.

మన దగ్గర నిజంగా గీత దాటితే లెక్క మారేది ఒక చోట ఉంది, దాని గురించి మాట్లాడుకునేవాళ్ళు తక్కువ. కుటీర జ్యోతి కనెక్షన్ ఉన్న పేద ఇళ్ళకు నెలకు 30 యూనిట్ల లోపు వాడితే ఒకే స్థిరమైన మొత్తం పడుతుంది. దాటితే మామూలు ఇళ్ళ రేట్లలోకి పోతారు. ముప్పై అంటే రోజుకు ఒక యూనిట్. ఒక పాత ఫ్యాను పది గంటలు, రెండు ఎల్‌ఈడీ బల్బులు ఆరేసి గంటలు, చిన్న టీవీ నాలుగు గంటలు వాడితే రోజుకు ఒకటి దాటి కాస్త, నెలకు ముప్పై రెండు దాకా అవుతుంది. సరిగ్గా గీత మీద నడక. తేడా కొన్ని పదుల రూపాయలే అయినా ఆ ఇంటికి అది చిన్నది కాదు. ఈ ఇంటి గురించి మళ్ళీ చెప్తాను, ఫ్యాన్ల దగ్గరికి వచ్చినప్పుడు.

ఈ తప్పుడు లెక్క ఇన్ని ఇళ్ళలో ఎలా పాతుకుపోయిందో చూస్తే, సాయం ఎవరు చెయ్యగలరో కూడా తెలుస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రాంతంగా ఏర్పడేదాకా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. రాష్ట్రం మారినా వీధుల్లో తెలుగు పోలేదు. బరంపురంలో, పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో, జయపురంలో లక్షణంగా తెలుగులోనే బతుకుతున్న కుటుంబాలున్నాయి. ఇంట్లో టీవీ హైదరాబాదుది, విజయవాడది. వాట్సాప్‌లో వచ్చే కరెంటు చిట్కాలూ అక్కడివే. గుమ్మంలో చేతికిచ్చే బిల్లు మాత్రం ఒడియాలో, ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని చదవగల పిల్లలకు బిల్లు మీద ఆసక్తి ఉండదు. ఆసక్తి ఉన్న పెద్దలకు ఆ లిపి రాదు. కరెంటు సంస్థ ఎన్ని కరపత్రాలు పంచినా, ప్రతి డిసెంబరు 14న ఇంధన పొదుపు దినమని ఎన్ని బ్యానర్లు కట్టినా ఈ ఖాళీ పూడదు. అరుగు మీద కూర్చుని, ఆ బిల్లు మీద వేలు పెట్టి, తెలుగులో చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి ఆ వీధి మనిషే అయి ఉండాలి.

అలాంటివాళ్ళు మనకు కొత్త కాదు. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018లో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి, గంజాం జిల్లాలను ఊడ్చేసినప్పుడు, పడ్డ చెట్లు కొట్టి దారి చేసిందీ, రోజుల తరబడి కరెంటు లేని వీధుల్లో ముసలివాళ్ళకు నీళ్ళు మోసిందీ వీధి కుర్రాళ్ళే. మిషన్ శక్తి స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు రాష్ట్రంలో చాలాచోట్ల మీటరు రీడింగు, బిల్లు వసూలు పనిలోకి వచ్చారు. వాళ్ళకు ఏ ఇంట్లో మీటరు ఏ మూల ఉందో కూడా తెలుసు. ఒక రిటైరైన లైన్‌మన్, ఒక ఐటీఐ కుర్రాడు, సంఘంలో చురుగ్గా ఉండే ఇద్దరు ఆడవాళ్ళు వాలంటీర్లుగా ఉంటే ఒక వీధికి చాలు.

వేరే చోట్ల ఈ పని ఎలా చేశారో చూస్తే ఒక ముఖ్యమైన సంగతి తెలుస్తుంది. జర్మనీలో 2008 ప్రాంతంలో కారితాస్ అనే సేవా సంస్థ, అక్కడి ఇంధన సలహా సంస్థల సమాఖ్య కలిసి ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. చాలాకాలంగా పని దొరకనివాళ్ళకు శిక్షణ ఇచ్చి, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళకు పంపుతారు. వాళ్ళు ఒక్కో ఇంటికి రెండుసార్లు వెళ్తారు. మొదటిసారి కొలుస్తారు. రెండోసారి ఆ ఇంటికి తగ్గ బల్బులు, స్విచ్చున్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు తెచ్చి బిగించి, ఏం చేస్తే ఎంత తగ్గుతుందో చెప్తారు. మన దేశంలో కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ కార్యకర్తలు 1980లలోనే తక్కువ కట్టెలతో మండే పొయ్యిలను ఇళ్ళలో కట్టించడం పనిగా పెట్టుకున్నారు. అదే రాష్ట్రంలో కాసరగోడ్ జిల్లా పీలికోడ్ 2020 జనవరికల్లా ఫిలమెంట్ బల్బు అన్నదే లేని తొలి పంచాయతీ అయింది. ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసుకోకపోతే అది అయ్యే పని కాదు. వీటన్నిటిలో నాకు గట్టిగా కనపడేది ఆ రెండో రాక. మొదటిసారి చెప్పిన మాట ఎవరికీ గుర్తుండదు. నెల తిరిగాక వచ్చి "మామ్మా, బిల్లేదీ, చూద్దాం" అంటేనే పని జరుగుతుంది.

మొదటి రాకలో చెయ్యవలసింది సలహా ఇవ్వడం కాదు, చూడడం. ఇంట్లో ఉన్న పాత బిల్లులన్నీ అడగాలి. పన్నెండు నెలలవి దొరికితే ఎండాకాలం నెలకూ చలికాలం నెలకూ తేడా చూడాలి. మేలో 210, జనవరిలో 90 ఉంటే ఆ నూట ఇరవై ఎక్కువగా ఫ్యాన్లది, కూలరుది, ఫ్రిజ్‌ది. జనవరిలో కూడా 180 ఉంటే సంగతి వేరు, ఏడాది పొడవునా ఏదో ఒకటి లాగుతోందన్నమాట. తరువాత బిల్లు మీద రాసింది అసలు రీడింగా, తలుపు తాళం ఉందని సగటున వేసిందా అన్నది చూడాలి. రెండు నెలలు సగటు వేసి మూడోనెల అసలు రీడింగు తీస్తే ఒకేసారి బిల్లు పెద్దదై వస్తుంది, ఇంట్లోవాళ్ళు అది ఆ నెల వాడకమే అనుకుని కంగారు పడతారు.

ఆ తరువాత మీటరు దగ్గరికి. ఇక్కడ ఒక చిన్న విద్య ఉంది, ఇది నేర్చుకున్నవాళ్ళు ఏ పరికరమూ కొననక్కర్లేదు. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక ఎర్ర దీపం మినుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే ఒక అంకె ఉంటుంది, చాలా మీటర్లలో 3200. ఆ దీపం 3200 సార్లు మినుకుమంటే ఒక యూనిట్ కాలినట్టు. రెండు మినుకుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూసి, 1125ను ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో వచ్చేస్తుంది. మీటరు మీద 1600 అని ఉంటే 1125 బదులు 2250 తీసుకోవాలి.

ఇప్పుడు ఇంట్లో అన్నీ ఆపెయ్యమనండి. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ కూడా రెండు నిమిషాలు. "అన్నీ ఆపేశాం బాబూ" అంటారు. మీటరు దగ్గర నిలబడితే దీపం మళ్ళీ మినుకుమంటుంది. నలభై అయిదు సెకన్లకోసారి అనుకోండి, 25 వాట్లు. ఎవరూ ఏమీ వాడని ఇంట్లో ఆ పాతిక వాట్లు ఎక్కడివి? రిమోట్‌తో ఆపిన టీవీ, దాని కింద ఎప్పుడూ వేడిగా ఉండే సెట్‌టాప్ బాక్సు, వైఫై డబ్బా. ఒక్కొక్కటీ తీగ పీకి మళ్ళీ మీటరు చూస్తే ఏది ఎంతో తేలిపోతుంది. పాతిక వాట్లు రోజంతా, నెలంతా అంటే 18 యూనిట్లు. 4.80 చొప్పున ఎనభై ఆరు రూపాయలు. ఇది నోటితో చెప్తే ఎవరూ నమ్మరు. ఇంటావిడే స్వయంగా స్విచ్చు ఆపి, మీటరు దీపం ఆగిపోవడం చూస్తే ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. అన్నీ పీకేశాక కూడా దీపం ఆగకపోతే అది వైరింగులో లీకేజీ కావచ్చు, లేదా మన లైను మీద ఇంకొకరి వాడకం కావచ్చు. అక్కడితో వాలంటీరు పని ఆగిపోవాలి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

మన పాత వీధుల ఇళ్ళకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. బడాబజారు వైపు గానీ, పర్లాకిమిడి పాత వీధుల్లో గానీ చూడండి. వీధి గుమ్మం నుంచి పెరటి దాకా గది వెనక గది, రెండు పక్కలా పొరుగువాళ్ళ గోడే. నడిమి గదికి కిటికీ ఉండదు. పట్టపగలు పన్నెండింటికి కూడా అక్కడ లైటు వెయ్యాల్సిందే. నగల పెట్టె, దేవుడి మందిరం, అన్నీ ఆ గదిలోనే గనక పొద్దున్న వేసిన లైటు రాత్రి దాకా ఆరదు. అది చోకున్న పాత ట్యూబులైటైతే 55 వాట్ల దాకా లాగుతుంది. ఇరవై వాట్ల ఎల్‌ఈడీ పట్టీ అంతే వెలుతురు ఇస్తుంది. రోజుకు పద్నాలుగు గంటలు వెలిగే దీపానికి ఆ మార్పు నెలకు పద్నాలుగు, పదిహేను యూనిట్లు. అదే బాత్రూములో పావుగంట వెలిగే బల్బు మారిస్తే ఏమీ కలిసిరాదు. ఏ బల్బు మార్చాలన్నది వాట్లు చూసి కాదు, గంటలు చూసి తేల్చాలి. పెంకుటిల్లయితే నడిమి గది మీద ఒకట్రెండు గాజు పెంకులు వేయిస్తే పగలు లైటే అక్కర్లేదు. ఇది మన తాతలకు తెలిసిన పనే, స్లాబులు వచ్చాక మరిచిపోయాం.

బల్బుల సంగతి దేశంలో చాలావరకు తేలిపోయింది. 2015 జనవరిలో ఎల్‌ఈడీ బల్బులు తక్కువ ధరకు పంచే ఉజాలా పథకం మొదలైంది. అంతకు ముందు ఏడాది ప్రభుత్వ కొనుగోలులో ఎల్‌ఈడీ బల్బు 310 రూపాయలు ఉండేది, 2016కల్లా 38కి దిగింది. పంచినవి 36 కోట్లు దాటాయి. ఇంకా మిగిలింది ఫ్యాను. మన తీరంలో కరెంటు ఆదా అంటే ముప్పాతిక మువ్వీసం ఫ్యానే, ఎందుకంటే ఏసీ ఉన్న ఇళ్ళు కొన్నే, ఫ్యాను లేని ఇల్లు లేదు. మామూలు సీలింగు ఫ్యాను పూర్తి వేగంలో 75 వాట్లు. బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) అదే గాలికి ముప్పై చుట్టుపక్కల. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు ఇరవై యూనిట్లు తగ్గుతాయి.

అయితే అందరినీ మార్చెయ్యమనడం సబబు కాదు. కొత్త ఫ్యాను రెండున్నర నుంచి మూడు వేలు. నెలకు ఇరవై యూనిట్లంటే తొంభై ఆరు రూపాయలు, చలి నెలలు తీసేస్తే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి మూడేళ్ళకు పైనే పడుతుంది. అది పగలూ రాత్రీ తిరిగే ఫ్యాను సంగతి. ముందు గదిలో చుట్టాలొచ్చినప్పుడు వేసే ఫ్యాను మారిస్తే పదేళ్ళకు కూడా రాదు. కాబట్టి ఇంట్లో ఎక్కువ తిరిగేది ఏదో చూసి దాన్నొక్కదాన్నే, అదీ పాతది కాలిపోయి రీవైండింగుకు తీసుకెళ్ళేటప్పుడు మార్చుకోమని చెప్పాలి. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది గనక కొట్టులో అడిగి చూసుకోవచ్చు. గోడ మీద పెద్ద గుండ్రటి పాత రెగ్యులేటరు ఉంటే చెయ్యిపెట్టి చూడండి, వెచ్చగా ఉంటే వేగం తగ్గించి మిగిల్చిన కరెంటు కొంత ఆ వేడి కిందే పోతోంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు కొద్ది డబ్బుతో వస్తుంది, ఫ్యాను మార్చలేనివాళ్ళకు ముందు అదే మందు.

ఇప్పుడు కుటీర జ్యోతి ఇంటికి వద్దాం. ఫ్యాను డెబ్బై అయిదు నుంచి ముప్పైకి దిగితే ఆ ఇంటి వాడకం రోజుకు ఒక యూనిట్ పైనుంచి 0.6కు వస్తుంది, నెలకు పద్దెనిమిది. ముప్పై గీతకు చాలా కింద. భయం లేకుండా ఇంకో నాలుగు గంటలు ఫ్యాను వేసుకోవచ్చు. అంటే ఈ ఫ్యాను అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేది దాన్ని కొనలేని ఇంటికే. డబ్బు లెక్కలో చూస్తే ఇది ఎవరికీ తోచదు. వీధి కమిటీ పండక్కి వేసే చందాలో కొంత పక్కన పెట్టి ఏడాదికి నాలుగు ఫ్యాన్లు కొని ఇలాంటి ఇళ్ళకు బిగిస్తే, అంతకన్నా సూటిగా పనికొచ్చే ఖర్చు నాకు తెలియదు.

ఫ్రిజ్ రెండోది. పాత ఫ్రిజ్ రోజుకు రెండు యూనిట్ల దాకా లాగొచ్చు, స్టార్ గుర్తున్న కొత్త సింగిల్ డోరుది అర యూనిట్‌తో సరిపెట్టుకుంటుంది. మన ఇరుకిళ్ళలో ఫ్రిజ్‌ను గోడకు ఆనించేస్తారు, కొన్ని ఇళ్ళలో పొయ్యి పక్కనే పెడతారు. వెనక జానెడు జాగా ఉండాలి. తలుపులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి, ఏ పట్టూ లేకుండా వచ్చేస్తే రబ్బరు పోయినట్టు. ఆ రబ్బరొక్కటే మార్చుకోవచ్చు, ఫ్రిజ్ మార్చనక్కర్లేదు. ప్లగ్గుకూ ఫ్రిజ్‌కూ మధ్య పెట్టే చిన్న కొలత మీటరు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. వీధికి ఒకటి కొని ఇంటికి ఒక రోజు చొప్పున తిప్పుకుంటే చాలు. ఏసీ ఉన్నవాళ్ళకు చెప్పేది కొద్దే: 2020 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలవుతాయి, దాన్ని 18కి దించకుండా ఫ్యాను కూడా వేసుకుంటే హాయిగానే ఉంటుంది. కోరాపుట్, జయపురం కొండల మీద ఉన్నవాళ్ళకు గీజరు ముఖ్యం. రెండు వేల వాట్లది పొద్దున్న వేసి మరిచిపోతే అక్కడే పోతుంది. వేడి నీళ్ళు ఇంటిల్లిపాదీ వరసగా పోసుకుంటే ఖర్చు తగ్గుతుంది.

వంటగ్యాసును కరెంటు పక్కన పెట్టి మాట్లాడాలి, ఎందుకంటే చాలా ఇళ్ళకు సిలిండరే పెద్ద ఖర్చు. కందిపప్పు అరగంట నానబెట్టడం, కుక్కరు ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించడం, మంట పసుపుగా ఉంటే బర్నరు శుభ్రం చేయించడం, ఇవి అందరికీ తెలిసినవే. తక్కువ తెలిసింది ఒకటుంది. కేరళ పరిషత్ వాళ్ళు ప్రచారం చేసిన వేడిపెట్టె. అన్నం పొంగి కాసేపు ఉడికాక మూతతో సహా దించి, వేడి బయటికి పోని పెట్టెలో పెట్టేస్తే మిగతా ఉడుకు దానంతటదే ఉడుకుతుంది. మనం బుట్టలో పాత బొంత పరిచి చుట్టి చేసుకోవచ్చు. పొయ్యి మీద ఉండే సమయం సగానికి సగం తగ్గుతుంది. ఇక ఎండల్లో చద్దన్నం, ఒడియా ఇళ్ళలో పఖాళ ఎలాగూ ఉన్నాయి. పొద్దుటి పూట పొయ్యి వెలిగించనక్కర్లేదు.

మోసాల సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందని ఒక చిన్న డబ్బా అమ్ముతారు, సంతల్లో, ఫోన్లలో. లోపల ఉండేది కెపాసిటరు, ఒక దీపం. కెపాసిటరు పవర్ ఫ్యాక్టర్‌ను, అంటే లాగిన కరెంటులో అసలు పనికొచ్చే వంతును, సరిచేస్తుంది, అది ఫ్యాక్టరీల బిల్లులో లెక్కకొస్తుంది. ఇంటి మీటరు యూనిట్లే లెక్కేస్తుంది కాబట్టి దానివల్ల ఒక్క పైసా తగ్గదు, ఆ దీపం కాలినంత ఖర్చు పెరుగుతుంది. అలాగే "బిల్లు కట్టలేదు, రాత్రికి కరెంటు కట్ చేస్తాం" అని వచ్చే ఫోన్లు, మెసేజీలు. ఇంటికొచ్చిన వాలంటీరు ఎప్పుడూ ఓటీపీ గానీ, ఆధార్ నంబరు గానీ, డబ్బు గానీ అడగకూడదు. అడగరని వీధిలో అందరికీ ముందే చెప్పాలి. ఒక్కరు అడిగినా మిగతావాళ్ళ మీద నమ్మకం పోతుంది.

కొంతమంది ఒక ప్రశ్న వేస్తారు, మంచి ప్రశ్నే. మిగిలిన కరెంటుతో జనం ఇంకాసేపు ఫ్యాను వేసుకుంటే ఇక ఆదా ఏముంది? నిజమే, లెక్కలో ఆ మేరకు తగ్గుతుంది. తగ్గనివ్వండి. 1998 ఎండాకాలంలో ఒడిశాలో వడదెబ్బకు 2,042 మంది పోయారని ప్రభుత్వ లెక్క. ఆ తరువాతే రాష్ట్రంలో ఎండల జాగ్రత్తలు పద్ధతిగా మొదలయ్యాయి. ముసలివాళ్ళకు, పసిపిల్లలకు గాలి తగ్గించమని చెప్పే పొదుపు మనకొద్దు. నడిమి గదిలో చోకులో, సెట్‌టాప్ బాక్సులో, రబ్బరు పోయిన ఫ్రిజ్‌లో ఎవరికీ పనికిరాకుండా పోయే కరెంటును పట్టి ఆ ఫ్యానుకు ఇవ్వాలి. వాలంటీరు ఇంట్లో అడుగుపెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట ఇదే: "ఏదీ మానుకోమని చెప్పడానికి రాలేదు పెద్దమ్మగారూ."

అద్దె ఇళ్ళ సంగతి అన్నిటికన్నా చిక్కు. ఒకే మీటరు మీద మూడు కుటుంబాలు ఉంటాయి. ఒక్కొక్కరు 120 యూనిట్లు వాడారనుకుందాం. ఎవరి మీటరు వాళ్ళకుంటే ఒక్కొక్కరికి 486 రూపాయలు, ముగ్గురికీ కలిపి 1,458. ఒకే మీటరు మీద 360 యూనిట్లయితే మూడో మెట్టుకు పోయి 1,798 అవుతుంది. చవక మెట్టు యాభై యూనిట్లు మూడు ఇళ్ళకు బదులు ఒక్క ఇంటికే దక్కుతుంది. 340 రూపాయలు ఎవరి తప్పూ లేకుండా నెల నెలా పోతాయి. దీని మీద ఇంటివాళ్ళు యూనిట్‌కు తమకు తోచిన రేటు వసూలు చేస్తే, అద్దెకున్నవాళ్ళు ఎంత పొదుపు చేసినా ఫలితం వాళ్ళకు చేరదు. వేరే కనెక్షన్‌కు స్థిర ఛార్జీ అదనంగా పడుతుంది, అయినా ఎక్కువమందికి లాభమే. ఇక్కడ వాలంటీరు ఇద్దరి మధ్యా కూర్చుని ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాలి. ఇంటాయనకు కోపం వచ్చేలా కాకుండా.

ఇదంతా చేసినా బిల్లు తప్పుగానే వస్తోందనుకుంటే దారి ఉంది. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ప్రతి పంపిణీ సంస్థకూ వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం ఉండి తీరాలి, దాని పైన అప్పీలు వినే అంబుడ్స్‌మన్ ఉంటారు. దక్షిణ ఒడిశా జిల్లాలకు 2021 జనవరి నుంచి సరఫరా చేస్తున్న టాటా పవర్ వారి పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం బరంపురంలోనే ఉంది, కాబట్టి మనవాళ్ళకు దూరం కూడా కాదు. ముందు స్థానిక ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి, అక్కడ తేలకపోతే ఫోరానికి. ఫిర్యాదుకు బలం ఇచ్చేది మీటరు ఫోటోలు: నెలలో ఒకే తేదీన, అంకె కనపడేలా, మూడు నెలలపాటు తీసినవి. ఆ ఫోటోలు తీసే పని వీధి వాలంటీరుది. వాటిని జతచేసి ఒడియాలో ఒక పేజీ రాసిపెట్టే పని ఒడియా మీడియంలో చదువుకున్న మన పిల్లలది.